క్రొత్తవారికి లినక్సు తగునా?

కంప్యూటరును కొనువారిలో చాలమంది యంత్రమును చూచి కొందురు గాని, దానిలోని ఆపరేటింగు సిస్టమును చూచి కొనరు. దుకాణదారుడు ఏది వేసి యిచ్చిన దానినే వాడుకొందురు. కంప్యూటరు వేరు, విండోసు వేరు అను మాటయే కొందరికి వింతగా తోచును. అయితే ఇటీవల ఈ భేదమును అందరును గుర్తింపవలసిన అవసరము కలిగినది. 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు కంపెనీ విండోసు 10కు సాధారణముగా ఇచ్చుచుండిన భద్రతా సవరణలను నిలిపివేసినది. ఇండ్లలో వాడుకొనువారు నమోదు చేసికొన్నచో మరియొక సంవత్సరము గడువు ఇచ్చినది. విండోసు 11ను వేసికొనవలెనన్నచో 4 గిగాబైట్ల మెమరీ, 64 గిగాబైట్ల డిస్కు, టి.పి.ఎం. 2.0 అను భద్రతా చిప్పు, కంపెనీ ఆమోదించిన ప్రాసెసరు ఉండవలెను. 2017వ సంవత్సరమునకు పూర్వము తయారైన యంత్రములలో అధిక భాగమునకు ఈ అర్హతలు లేవు.

ఉన్నత పాఠశాలల దృష్టితో దీనిని చూడుడు. జనగామలోగాని, మహబూబాబాదులోగాని, భూపాలపల్లిలోగాని ఒక పాఠశాలలో పది పాత కంప్యూటర్లు ఉన్నవనుకొందము. అవి చెడిపోలేదు. మీట నొక్కినచో వెలుగుచున్నవి. కాని వానికి భద్రతా సవరణలు రావు. క్రొత్త విండోసు ఎక్కదు. అట్టి యంత్రములను సామాను గదిలో పడవేయవలెనా? ప్రమాదమున్నను అట్లే వాడుచుండవలెనా? లేక లినక్సు వంటి స్వేచ్ఛా ఆపరేటింగు సిస్టమును వేసి చూడవలెనా? మూడవ మార్గమనగానే ఉపాధ్యాయులకును, విద్యార్థులకును కలుగు సందేహము ఒకటే: "మేము క్రొత్తవారము, ఇది మాకు సాధ్యమగునా?" దీనికి సమాధానము చెప్పుటకు ముందు ఆపరేటింగు సిస్టము చేయు పని యేమో తెలిసికొనవలెను.

స్టేషను మాస్టరు వంటి వ్యవస్థ

మహబూబాబాదు జిల్లాలోని డోర్నకల్ జంక్షనును చూచినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. కాజీపేట నుండి విజయవాడకు పోవు ప్రధాన మార్గము నుండి భద్రాచలం రోడ్డుకు పోవు మార్గము అచ్చట విడివడును. వచ్చు బండ్లు అనేకము, పట్టాలు కొన్నియే. ఏ బండి ఏ పట్టాపైకి రావలెను, ఏ బండి వెలుపల ఆగవలెను అను విషయమును స్టేషను మాస్టరు చూచుకొనును. బండిని నడుపువాడు ఆయన కాడు. సరకును దించువాడును ఆయన కాడు. కాని ఆ ఏర్పాటే లేనిచో ఒక్క బండియు క్షేమముగా ముందుకు సాగదు.

కంప్యూటరులోని ప్రాసెసరు, మెమరీ, డిస్కు అనునవి పట్టాల వంటివి. మనము తెరచు ప్రోగ్రాములు బండ్ల వంటివి. మనము ఉత్తరము టైపు చేయుచు, పాట వినుచు, ఇంటర్నెట్టులో వార్త చదువుచున్నపుడు అన్నియు ఒకేసారి నడచుచున్నట్లు కనబడును. నిజమునకు ప్రాసెసరు వానిని వంతులవారీగా నడపుచుండును. ఒక్కొక్క ప్రోగ్రామునకు సెకనులో వేయవ వంతులు కొన్నింటిని మాత్రమే ఇచ్చి, వెంటనే మరియొకదానికి అవకాశము కల్పించునది ఆపరేటింగు సిస్టము. ఈ మార్పు మిక్కిలి వేగముగా జరుగుటచే మన కంటికి తెలియదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 5,000 ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు విద్యను ప్రవేశపెట్టినపుడు, ఒకే కంప్యూటరుకు అనేక తెరలను, కీబోర్డులను తగిలించి పలువురు విద్యార్థులు వాడుకొను పద్ధతిని అనుసరించిరి. అది సాధ్యమైనది ఈ వంతుల ఏర్పాటు వలననే.

ఇంకను మూడు పనులు కలవు. ఒక ప్రోగ్రాము మరియొకదాని మెమరీలో చేయిపెట్టకుండ కాపాడుట మొదటిది. ప్రింటరు, మౌసు, వైఫై మొదలగు పరికరములతో వాని వాని భాషలో మాటలాడుట రెండవది. ఇందుకు తోడ్పడు దుబాసీల వంటి చిన్న ప్రోగ్రాములను డ్రైవర్లు అందురు. ఫైళ్ళను డిస్కుపై పదిలపరచుట మూడవది. వ్రాయుచుండగా నడుమ కరెంటు పోయినచో డిస్కులోని ఏర్పాటు చిందరవందర కాకుండుటకు, వర్తకుడు ముందు చిట్టాలో వ్రాసికొని పిమ్మట ఖాతాకు ఎక్కించునట్లు, జరుగబోవు మార్పును ఆపరేటింగు సిస్టము ముందుగా ఒక చిట్టాలో గుర్తించుకొనును. కరెంటు తిరిగి వచ్చినపుడు ఆ చిట్టాను చూచి సగములో ఆగిన పనిని సరిచేయును. విండోసును, లినక్సును రెండును ఈ పద్ధతినే అనుసరించుచున్నవి.

ఈ పనులను చేయు మూలభాగమునకు కెర్నెలు అని పేరు. "లినక్సు" అనునది నిజమునకు ఒక కెర్నెలు పేరు. దాని చుట్టును కిటికీలు, మెనూలు, టైపు చేయు ప్రోగ్రాము, బ్రౌజరు మొదలగువానిని కూర్చి, తేలికగా వేసికొనుటకు సిద్ధపరచిన కట్టను డిస్ట్రిబ్యూషను అందురు. డెబియను, ఉబుంటు, లినక్సు మింటు అనునవి అట్టివి.

ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు

ఇంగ్లీషులో ఈ రెంటికిని ఒకే మాట ఉండుటచే అచ్చటివారు పలుమారు వివరించుకొనవలసి వచ్చినది. తెలుగులో ఆ చిక్కు లేదు. ఊరక ఇచ్చినది ఉచితము. మన ఇష్టము వచ్చినట్లు వాడుకొనుటకు, విప్పి చూచుటకు, మార్చుకొనుటకు, ఇతరులకు ఇచ్చుటకు హక్కు ఉన్నచో అది స్వేచ్ఛ. ఉచితముగా లభించి స్వేచ్ఛ లేని ప్రోగ్రాములు అనేకము కలవు.

ప్రోగ్రామును మనుష్యుడు చదువదగిన భాషలో వ్రాయును. దానిని మూలసంకేతము, అనగా సోర్సుకోడు అందురు. యంత్రము నడపుటకు దీనిని సున్నలు, ఒకట్ల రూపమునకు మార్చుదురు. చాల కంపెనీలు ఈ రెండవ రూపమునే అమ్మును. జనగామ జిల్లాలోని పెంబర్తి ఇత్తడి పనికి పేరు పొందినది. అచ్చటి వస్తువును ఇంటికి తెచ్చుకొని ఎంత సేపు చూచినను, రేకును ఏ క్రమమున సాగగొట్టిరో, ఏ ఉలిని ఎచ్చట వాడిరో సామాన్యునికి తెలియదు. పనివాని ప్రక్కన కూర్చున్నవానికే తెలియును. సోర్సుకోడు లభించుట పనివాని ప్రక్కన కూర్చుండుట వంటిది.

ఈ హక్కులు అందరికిని ఉండవలెనని పట్టుబట్టిన వాడు రిచర్డ్ స్టాల్‌మన్. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేయుచుండగా ఆయన 1983 సెప్టెంబరులో గ్నూ అను స్వేచ్ఛా వ్యవస్థను నిర్మించెదనని ప్రకటించెను. అందుకు కావలసిన పనిముట్లు ఒక్కొక్కటే తయారైనవి గాని కెర్నెలు సిద్ధము కాలేదు. 1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయములో చదువుచుండిన 21 సంవత్సరముల యువకుడు లినస్ టోర్వాల్డ్స్ తన వినోదము కొరకు ఒక కెర్నెలును వ్రాయుచున్నట్లు ఆగస్టు 25వ తేదీన ప్రకటించెను. 1992లో దానిని స్టాల్‌మన్ రూపొందించిన సార్వజనిక అనుమతి పత్రము క్రిందికి తెచ్చెను. ఆ పత్రములోని ముఖ్య నియమము ఇది: దీనిని మార్చి ఇతరులకు ఇచ్చువారు, తమకు లభించిన హక్కులనే వారికిని ఇవ్వవలెను. గ్నూ పనిముట్లు, లినక్సు కెర్నెలు కలిసి పూర్తి వ్యవస్థ అయినది.

ఇది కొందరు ఉత్సాహవంతుల ఆటవస్తువని అనుకొనరాదు. 2017 నవంబరు నుండి ప్రపంచములోని అత్యంత శక్తిమంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలోనివన్నియు లినక్సుతోనే నడచుచున్నవి. మన చేతిలోని ఆండ్రాయిడు ఫోను యొక్క కెర్నెలు కూడ లినక్సే. కనుక "లినక్సును ఎన్నడును ముట్టలేదు" అనువారిలో చాలమంది దానిని దినమునకు పలుమారులు ముట్టుచునే యున్నారు.

తెలుగునకు కలిగిన మేలు

ఈ ఉద్యమములో మనవారి పాత్రయు కలదు. కంప్యూటరుకు తెలుగు అక్షరము తెలియదు. అంకె మాత్రమే తెలియును. 1991లో వెలువడిన యూనికోడు ప్రమాణము తెలుగునకు 128 స్థానములను కేటాయించినది. "లక్ష్మి" అను మాటను డిస్కుపై ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అను ఏడు సంకేతములుగా దాచుదురు. తెరపై అది రెండు అక్షరములుగా కనబడవలెను. ఈ కూర్పును చేయుటకు ఒక ప్రోగ్రాము, అందుకు తగిన ఒక ఫాంటు కావలెను. హార్ఫ్‌బజ్ అను స్వేచ్ఛా ప్రోగ్రాము ఈ కూర్పును చేయుచున్నది. లినక్సులో మాత్రమే గాక ఆండ్రాయిడులోను, ఫైర్‌ఫాక్సు, క్రోము బ్రౌజర్లలోను దానినే వాడుచున్నారు.

ఇక ఫాంటుల సంగతి. భాగవతమును తెనిగించిన బమ్మెర పోతన ఇంటిపేరును ధరించిన బమ్మెర గ్రామము ఇప్పటి జనగామ జిల్లా పాలకుర్తి మండలములో ఉన్నది. ఆ మహాకవి పేరుతో ఒక తెలుగు ఫాంటు కలదు. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణదేశికాచార్యులు "పోతన 2000", "వేమన 2000" అను రెండు యూనికోడు ఫాంటులను తయారుచేసి, స్వేచ్ఛా అనుమతితో విడుదల చేసిరి. అందుచే డెబియను వంటి డిస్ట్రిబ్యూషనులు వానిని తమ భాండాగారములో చేర్చుకొనగలిగినవి. పోతన పేరుతో ఒక కీబోర్డు అమరిక కూడ లినక్సులో లభించును. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయములో తెలుగు విద్యార్థులు రూపొందించిన ఆర్.టి.ఎస్. అను లిప్యంతరీకరణ పద్ధతియు, భారత ప్రభుత్వము ప్రమాణముగా అంగీకరించిన ఇన్‌స్క్రిప్టు అమరికయు అందులో కలవు. ఇన్‌స్క్రిప్టును ఒకసారి నేర్చినవాడు విండోసులోను, లినక్సులోను అదే వ్రేలితో అదే అక్షరమును కొట్టగలడు.

హైదరాబాదు కేంద్రముగా పనిచేయు స్వేచ్ఛ అను సంస్థ 2005లో ఆ పేరుతోనే ఒక తెలుగు ఆపరేటింగు సిస్టమును వెలువరించినది. అందు మెనూలు, ఆదేశములు తెలుగులో ఉండెను. కేంద్రప్రభుత్వ సంస్థయైన సి-డాక్ 2007లో భారతీయ భాషలలో పనిచేయు బాస్ అను లినక్సును విడుదల చేసినది. 2015లో కేంద్రప్రభుత్వము తన కార్యాలయములలో ఇట్టి సాఫ్టువేరునకు ప్రాధాన్యమియ్యవలెనను విధానమును ప్రకటించినది.

మరియొక విషయము గమనింపదగినది. మహబూబాబాదు జిల్లాలోని కొత్తగూడ, గంగారం వంటి మండలములలో కోయలు, అనేక తండాలలో లంబాడీలు నివసించుచున్నారు. కోయ భాషలోగాని, లంబాడీ భాషలోగాని మెనూలు గల కంప్యూటరును తయారుచేయుటకు వ్యాపారసంస్థ లాభనష్టములను లెక్కించుకొనును. స్వేచ్ఛా సాఫ్టువేరులో ఆ లెక్కతో నిమిత్తము లేదు. పూనికగల పదిమంది ఉపాధ్యాయులు, విద్యార్థులు కూర్చుండి ఒక చిన్న ప్రోగ్రాములోని మాటలను తమ భాషలోనికి మార్చుకొనవచ్చును. అనుమతి కొరకు ఎవరికిని అర్జీ పెట్టుకొననక్కరలేదు.

విద్యార్థికి లభించునది

పాఠశాలలో కావలసిన పనులకు తగిన ప్రోగ్రాములు లినక్సులో చాలవరకు కలవు. ఉత్తరములు, పట్టికలు, ప్రదర్శన పత్రములు తయారుచేయుటకు లిబ్రెఆఫీసు కలదు. మూలకముల ఆవర్తన పట్టికను పరిశీలించుటకు కాల్జియము కలదు. ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుటకు పైథాన్ భాష చాల డిస్ట్రిబ్యూషనులలో ముందుగానే ఉండును.

ఆకాశమును చూపు స్టెల్లేరియము ఒక మంచి ఉదాహరణము. అందులో జనగామను స్థానముగా ఎన్నుకొని ఉత్తర దిక్కు చూచినచో ధ్రువనక్షత్రము దిఙ్మండలము నుండి సుమారు 17.7 డిగ్రీల ఎత్తున కనబడును. స్థానమును భూపాలపల్లికి మార్చినచో అది సుమారు 18.4 డిగ్రీలకు లేచును. ధ్రువనక్షత్రము ఎత్తు మన అక్షాంశముతో దాదాపు సమానమను పాఠము రెండు నిమిషములలో కంటికి కట్టును. ఈ ప్రోగ్రాము విండోసులోను నడచును. అయితే పాత యంత్రము సామాను గదికి చేరినచో ఏ సిస్టములోను నడువదు గదా!

అంతకంటె పెద్ద లాభము మరొకటి కలదు. సాధారణముగా విద్యార్థి కంప్యూటరును వాడుట మాత్రమే నేర్చుకొనుచున్నాడు. ఏ బొమ్మను నొక్కవలెనో అతనికి తెలియును, నొక్కినచో లోపల ఏమి జరుగునో తెలియదు. లినక్సులో కుతూహలము గలవాడు లోపలికి తొంగిచూడవచ్చును. ప్రస్తుతము ఏ ప్రోగ్రాములు నడచుచున్నవి, ఏది ఎంత మెమరీ తీసికొన్నది, డిస్కుపై ఫైళ్ళు ఏ వరుసలో ఉన్నవి అను విషయములను చిన్న చిన్న ఆదేశములతో తెలిసికొనవచ్చును. గడియారమును విప్పి చూచిన బాలునికి కలుగు జ్ఞానము, సమయమును మాత్రము చూచువానికి కలుగదు.

ఇబ్బందులను దాచరాదు

లాభములను చెప్పి నష్టములను మరుగుపరచుట శాస్త్రీయము కాదు.

మొదటి ఇబ్బంది అను ఫాంటులది. మన ప్రాంతపు డి.టి.పి. కేంద్రములలో పత్రికలు, కరపత్రములు, ప్రశ్నపత్రములు చిరకాలము అను స్క్రిప్టుతో తయారైనవి. ఇది యూనికోడునకు పూర్వపు పద్ధతి. ఇందు తెలుగు రూపములను రోమను అక్షరముల స్థానములలో ఉంచిరి. ఆ ఫాంటు లేని యంత్రములో ఆ ఫైలును తెరచినచో తెలుగునకు బదులు అర్థములేని రోమను అక్షరములు కనబడును. ఇది లినక్సు దోషము కాదు. ఆ ఫాంటులు లేని విండోసులోను ఇట్లే అగును. పాత ఫైళ్ళను యూనికోడునకు మార్చు ప్రోగ్రాములు కలవు గాని, మార్చిన పిమ్మట ఒకసారి చదివి సరిచూచుకొనవలెను.

రెండవది, కొన్ని ప్రోగ్రాములు లినక్సు కొరకు వ్రాయబడలేదు. లెక్కలకు వాడు టాలీ, పుటలు కూర్చు పేజిమేకరు ఇట్టివి. వేలిముద్ర పరికరములు, డిజిటల్ సంతకపు పరికరములు కొన్ని లినక్సులో పనిచేయవు. ఇట్టి పనులతో జీవనము గడపు మీసేవ కేంద్రము, డి.టి.పి. దుకాణము తమకున్న ఒక్క కంప్యూటరును లినక్సునకు మార్చుట వివేకము కాదు.

మూడవది, పరికరములు. ప్రింటర్లు, వైఫై చిప్పులు చాలవరకు వెంటనే పనిచేయును. కాని తయారీదారు డ్రైవరును ఇయ్యనిచోట చిక్కు కలుగును. నాలుగవది, వర్డులో తయారైన పెద్ద పట్టికలు, అలంకారములు గల పత్రములు లిబ్రెఆఫీసులో తెరచినపుడు వరుసలు కొంత జరుగవచ్చును. అయిదవది, పాత యంత్రము క్రొత్తది అగునని ఆశింపరాదు. ఆపరేటింగు సిస్టము తేలికయైనను బ్రౌజరు బరువు తగ్గదు. 2 గిగాబైట్ల మెమరీతో ఉత్తరము వ్రాయవచ్చును గాని, బ్రౌజరులో అనేక పుటలను ఒక్కసారిగా తెరచినచో యంత్రము నెమ్మదించును. మెమరీని 4 గిగాబైట్లకు పెంచి, పాత డిస్కునకు బదులు ఎస్.ఎస్.డి. పెట్టినచో కలుగు మార్పు మిక్కిలి ఎక్కువ. 32 బిట్ల ప్రాసెసరు గల మిక్కిలి పాత యంత్రములకు ఇప్పుడు అవకాశములు తగ్గినవి. 2025 ఆగస్టులో వెలువడిన డెబియను 13 వానిపై క్రొత్తగా వేసికొను ఏర్పాటును మానివేసినది.

భద్రతను గూర్చియు సరియైన అభిప్రాయము ఉండవలెను. లినక్సునకు వైరసులు రావను మాట నిజము కాదు. గృహ కంప్యూటర్లలో అవి అరుదు అనుట నిజము. 2024 మార్చిలో జరిగిన ఒక సంఘటన ఇందుకు మంచి పాఠము. ఎక్స్-జెడ్ అను, ఫైళ్ళను కుదించు చిన్న స్వేచ్ఛా ప్రోగ్రాములో, దీర్ఘకాలము నమ్మకస్థునివలె పనిచేసిన ఒక సహాయకుడు దొంగదారిని అమర్చెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తన యంత్రములో లాగిన్ అగుటకు మామూలుకంటె సుమారు అర సెకను ఎక్కువ పట్టుచున్నదని గమనించి, కారణమును వెదకుచు పోయి ఆ దొంగదారిని కనిపెట్టెను. సోర్సుకోడు, అభివృద్ధి చరిత్ర తెరచియుండుటచే ఆయన మూలము వరకు పోగలిగెను. కాని తలుపు తెరచియున్నంత మాత్రమున కాపలా ఉన్నట్లు కాదు. చూచు కన్ను కూడ ఉండవలెనని ఈ సంఘటనవలన తేలుచున్నది.

ప్రయత్నించు క్రమము

క్రొత్తవారు కష్టపడుటకు ముఖ్యకారణము లినక్సు కాదు, తొందర. ఒకే దినమున పాతదానిని తుడిచి క్రొత్తదానిని వేసి, మరునాడు పని జరుగలేదని విసుగుకొందురు. ఈ క్రింది క్రమమును పాటించినచో అట్టి ప్రమాదము లేదు.

మొదటి మెట్టు: ఉన్న విండోసులోనే లిబ్రెఆఫీసు, ఫైర్‌ఫాక్సు, వి.ఎల్.సి., జింప్ వంటి స్వేచ్ఛా ప్రోగ్రాములను ఒక నెల వాడుడు. ఇవే లినక్సులోను ఉండును గనుక పిమ్మట ఇల్లు మారినను సామాను మారదు.

రెండవ మెట్టు: లినక్సు మింటు యొక్క ఎక్స్‌ఎఫ్‌సిఇ రకమునుగాని, లుబుంటునుగాని ఎన్నుకొని దాని ఐ.ఎస్.ఓ. ఫైలును ఆ సంస్థ సొంత పుట నుండియే దింపుకొనుడు. ఆ పుటలో 64 అక్షరాంకెల పరీక్షసంఖ్య ఒకటి ఇచ్చియుందురు. మీరు దింపుకొన్న ఫైలునుండి ఆ సంఖ్యను లెక్కకట్టి పోల్చుకొనుడు. ఫైలులో ఒక్క బిట్టు మారినను సంఖ్య పూర్తిగా మారిపోవును. కనుక ఫైలు చెడినదా, ఎవరైన మార్చిరా అను సందేహము తీరును.

మూడవ మెట్టు: 8 గిగాబైట్ల పెన్‌డ్రైవులో ఏమియు లేకుండ చూచుకొని, రూఫస్ వంటి ప్రోగ్రాముతో ఆ ఫైలును దానిపై ఎక్కించుడు. పెన్‌డ్రైవును తగిలించి కంప్యూటరును తిరిగి వెలిగించి, యంత్రమును బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ మీటలలో ఒకదానిని నొక్కినచో ఎచ్చటినుండి మొదలుపెట్టవలెనని అడుగును. పెన్‌డ్రైవును ఎన్నుకొనుడు. ఇప్పుడు లినక్సు మెమరీలోనే నడచును. "ఇన్‌స్టాల్" అను బొమ్మను నొక్కనంతవరకు, డిస్కులోని ఫైళ్ళను మీరుగా తెరచి మార్చనంతవరకు విండోసు అట్లే ఉండును. పెన్‌డ్రైవు నెమ్మదియైనది గనుక వేగమును బట్టి తీర్పు చెప్పరాదు. మీరు చేసిన అమరికలు యంత్రమును ఆర్పగానే పోవుననియు గుర్తుంచుకొనుడు.

నాలుగవ మెట్టు: ఒక కాగితముపై పట్టిక వేసికొని పరీక్షించుడు. వైఫై అందుచున్నదా? ధ్వని వచ్చుచున్నదా? ప్రింటరు ముద్రించుచున్నదా? ప్రొజెక్టరుపై బొమ్మ పడుచున్నదా? తెలుగు టైపు అగుచున్నదా? పాఠశాలవారు నిత్యము తెరచు ప్రభుత్వ పుటలు పనిచేయుచున్నవా? ఒక్కొక్కదానికి ఎదురుగా అవును, కాదు అని వ్రాసికొనుడు. ఇది ప్రయోగశాలలోని పరిశీలన వంటిదే. ఊహతో కాక ఫలితముతో నిర్ణయించుకొనవలెను.

ఐదవ మెట్టు: ఫలితము తృప్తికరమైనచో ముఖ్యమైన ఫైళ్ళనన్నిటిని వేరు డిస్కుపై నకలు తీసికొనుడు. ఈ పని చేయక ముందుకు పోరాదు. క్రొత్త ల్యాప్‌టాపులలో డిస్కు బిట్‌లాకరు అను తాళముతో ఉండవచ్చును. దాని పునరుద్ధరణ సంఖ్యను ముందుగా వ్రాసిపెట్టుకొనవలెను. పిమ్మట పది యంత్రములలో ఒకదానిపై, వీలైనచో పనికిరాదని ప్రక్కన పెట్టినదానిపై, లినక్సును వేయుడు. ఒక టర్ము గడచిన తరువాత మిగిలినవానిని గూర్చి ఆలోచింపవచ్చును.

ఒక హెచ్చరిక. ఇంటర్నెట్టులో ఎవరో వ్రాసిన ఆదేశమును అర్థము తెలియక టైపు చేయరాదు. అన్ని అధికారములతో ఇచ్చిన ఒక్క తప్పుడు ఆదేశము డిస్కునంతయు తుడిచివేయగలదు. ప్రతి ఆదేశమునకును వివరణము లినక్సులోనే ఉండును. దానిని చదివి నడచుకొనుట విద్యార్థికి అలవాటు చేయవలెను.

ఉపాధ్యాయుడే ఆధారము

కేరళ రాష్ట్రములో 2001లో ప్రారంభమైన ఐ.టి. ఎట్ స్కూల్ పథకము కొన్ని సంవత్సరములలోనే ప్రభుత్వ పాఠశాలలను స్వేచ్ఛా సాఫ్టువేరు వైపు మరల్చినది. 2017లో అది కైట్ అను ప్రభుత్వ సంస్థగా రూపొందినది. అచ్చట బాలబాలికలు లినక్సుతోనే కంప్యూటరు విద్య నేర్చుచున్నారు. వారు మన పిల్లలకంటె తెలివైనవారని కాదు. ఆ రాష్ట్రము ముందుగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినది. పాఠ్యపుస్తకమును, ఆపరేటింగు సిస్టమును కలిపి తయారుచేసినది. చిక్కు వచ్చినపుడు అడుగుటకు మనిషి ఉన్నచోట లినక్సు నిలిచినది. మనిషి లేనిచోట ఎంత మంచి సాఫ్టువేరైనను పెట్టెలోనే ఉండిపోవును.

కాబట్టి మొదటి ప్రశ్నకు సమాధానమును ఇట్లు చెప్పవచ్చును. తన జీవనోపాధికి ఒక్క కంప్యూటరుపైననే, అందును విండోసు ప్రోగ్రాముపైననే ఆధారపడినవాడు దానిని మార్చరాదు. ప్రక్కన మరియొక పాత యంత్రముగాని, ఒక పెన్‌డ్రైవుగాని ఉన్నవాడు నిస్సంకోచముగా ప్రయత్నింపవచ్చును. విద్యార్థి తప్పక ప్రయత్నింపవలెను. ఏలయన, అతడు నేర్చుకొనవలసినది ఒక కంపెనీ మెనూ కాదు, కంప్యూటరు పనిచేయు విధానము. ఒక సిస్టమును మాత్రమే చూచినవాడు దాని గుణములనే కంప్యూటరు గుణములని భ్రమపడును. రెండింటిని చూచినవాడు ఏది యంత్రధర్మమో, ఏది కంపెనీ అలవాటో వేరుపరచి చూడగలడు.

పాఠశాలలోని పది యంత్రములలో ఒకదానిని ఇందుకు విడిచిపెట్టినచో నష్టము లేదు. ఇద్దరు ముగ్గురు విద్యార్థులకు దాని బాధ్యతను అప్పగించి, వారు కనుగొన్నదానిని ఒక నోటుపుస్తకములో తెలుగులో వ్రాయించినచో, మరుసటి సంవత్సరము వచ్చువారికి ఆ పుస్తకమే గురువగును.